కన్నాల గోడ కోసం కర్మన్‌ఘాట్ దాకా

హైదరాబాదు వెళ్ళొచ్చానంటే మా పాలకొల్లులో ఎవరైనా మొదట అడిగేది చార్మినార్ చూశావా, బిర్యానీ తిన్నావా అని. నేను అయిదు రోజులుండి ఆ రెండూ చెయ్యలేదు. గోడలు చూశాను, కప్పులు చూశాను, ఒకరోజంతా ఇటుకలు మోశాను. విన్నవాళ్ళు నవ్వారు. ఎందుకు వెళ్ళానో చెబితే మీరు నవ్వరనుకుంటాను.

నాకు సిమెంటు రేకుల షెడ్డులో కుట్టు యూనిట్ ఉంది. పదకొండు మిషన్లు, పదకొండుమంది ఆడవాళ్ళు. మాకు పని ఎక్కువుండేది ఏప్రిల్, మే నెలల్లో. బళ్ళు తెరిచేలోగా యూనిఫారాలు అందాలి. అంటే ఏడాదిలో ఏ రెండు నెలలు రేకుల కింద కూర్చోకూడదో సరిగ్గా ఆ రెండు నెలలే మేము కూర్చోవాలి. ఈ ప్రయాణానికి ముందు ఏడు మేలో ఒక మధ్యాహ్నం, పడమటి గోడ పక్క మిషను మీద కాలరు వేస్తున్న సూర్యకాంతం ఉన్నట్టుండి పక్కకి ఒరిగిపోయింది. కాలు పెడలు మీదే ఉండిపోయింది. సూది ఆమె చూపుడువేలి గోరులోంచి దిగింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. తిరిగొచ్చి, "వానలు పడ్డాక వస్తానమ్మా, ఎండాకాలం మాత్రం నావల్ల కాదు" అంది. ఆమె ఇల్లు గడిచేదే ఆ ఎండాకాలం కుట్టుకూలి మీద.

మా కాంట్రాక్టరు రెండే దారులు చెప్పాడు: శ్లాబు పోయించు, లేకపోతే ఏసీలు పెట్టించు. శ్లాబు తెల్లారేదాకా వేడి వదలదని మా ఇంట్లోనే తెలుసు. ఏసీలు పెడితే కుట్టిందంతా కరెంటుకే సరి. మూడో దారి ఉండి తీరాలి, దాన్ని నేనే వెతుక్కోవాలి అని మనసులో గట్టిగా పడిపోయింది. ఆ రోజుల్లోనే ఫోనులో ఒక వీడియో చూశాను. ఎల్బీనగర్ దగ్గర ఒక ఇల్లు. ఏసీ లేకుండా ఎండాకాలం హాయిగా ఉంటున్నామని ఇంటాయన చెబుతున్నాడు. శివరాత్రి వెళ్ళిన వారం, చలి శివశివా అంటూ పోగానే, బస్సెక్కాను.

దిగకూడని చోట దిగాను

మా వైపు నుంచి వెళ్ళే బస్సులకి ముందు వనస్థలిపురం వస్తుంది, తరవాత ఎల్బీనగర్, ఆ తరవాత దిల్‌సుఖ్‌నగర్. నేను దిగాల్సింది మొదటిదాంట్లో. కళ్ళు తెరిచేసరికి మూడోదాంట్లో ఉన్నాను. పైన మెట్రో రైలు, కింద ఆటోల రొద. "వనస్థలిపురం ఎటు బాబూ?" అంటే ఆటో అతను నా సంచీ కేసి చూసి, "ఉల్టా పోవాలె అమ్మా, దాటి ఒచ్చినవ్" అన్నాడు. రెండువందలడిగాడు. ముందు టిఫిను తిని, తరవాత బేరమాడదామనుకున్నాను.

బండి దగ్గర నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు. పల్లీ చట్నీ మాత్రం అడిగినకొద్దీ పోస్తారు. మా దగ్గర చట్నీ రెండోసారి అడిగితే బండివాడు మొహం చిట్లిస్తాడు. చుట్టూ అంతా కోచింగు పిల్లలే. నా పక్కన నిలబడి తింటున్న సూర్యాపేట అమ్మాయి, నేను గాలొచ్చే ఇళ్ళు చూడ్డానికొచ్చానంటే ఆశ్చర్యపోయింది.

"మా హాస్టల్ చూస్తరా ఆంటీ? రూముకి కిటికీ అయితే ఉంది. తెరిస్తే పక్క బిల్డింగు గోడ. చెయ్యి పెడితే తగులుతది."

"మరి గాలి?"

"గాలి ఏడికెళ్ళి ఒస్తది? ఐదుగురం ఉంటం. ఎండాకాలం తడి టవల్ కప్పుకొని చదువుత."

ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. కిటికీ ఉండటానికీ గాలి రావడానికీ సంబంధం లేదని ఆ ఊళ్ళో అడుగు పెట్టిన మొదటి గంటలోనే తెలిసింది.

వనస్థలిపురం: కింద చల్లన, పైన మంట

నేను దిగింది నా స్నేహితురాలి అక్క రాజ్యలక్ష్మి గారింట్లో. వాళ్ళది భీమవరం. నలభై ఏళ్ళ కిందట ఉద్యోగం కోసం వచ్చి ఈ కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఆవిడ మాట ఇంకా గోదావరి మాటే, కానీ మధ్యమధ్య ఈ ఊరి మాటలు దొర్లుతుంటాయి. "నువ్వు జర కూర్చోవే, కాఫీ తెస్తాను" అంటే నాకు నవ్వొచ్చింది. ఆవిడకి నేనెందుకు నవ్వానో తెలియలేదు.

కింది ఇల్లు పాతది. మందపాటి గోడలు, నేల మీద షాబాదు బండలు, కిటికీల మీద రెండడుగులు ముందుకొచ్చిన సజ్జాలు. చెప్పుల్లేకుండా నడుస్తుంటే ప్రయాణం బడలికంతా అరికాళ్ళలోంచి దిగిపోయినట్టుంది. పై అంతస్తు పదేళ్ళ కిందట వేశారట. పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, నున్నటి టైల్సు.

"పైనే బాగుంటుందని మేము అక్కడికి మారాం" అంది అక్కయ్య. "ఒక్క ఎండాకాలం ఉన్నాం. మీ బావగారు చాప పట్టుకుని కిందికొచ్చేశారు. ఇప్పుడు పైదంతా కిరాయికిచ్చాం. పాపం వాళ్ళు ఫాల్గుణంలోనే ఏసీ మొదలెడతారు."

ఒకే ఇల్లు, ఒకే ఎండ. కింద కట్టించిన మనిషే పైనా కట్టించాడు. మరి ఏం మరిచిపోయాడు? పుస్తకంలో రాసుకున్నాను: సజ్జా లేదు, పడమర అద్దం, మీద మరో నీడ లేదు. మధ్యాహ్నం పులసలా వండిన బొచ్చె చేప పులుసు, పక్కింటి నల్గొండ ఆవిడ పంపిన సర్వపిండి తిన్నాం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి పెనానికి అద్ది కాల్చేది. మా ఊళ్ళో ఎవరూ చెయ్యరు. వచ్చాక నేను రెండుసార్లు చేశాను, రెండుసార్లూ మాడింది.

వీడియోలో చూసిన ఇల్లు

మర్నాడు బావగారితో వాకబు చేయించి ఆ ఇల్లు పట్టుకున్నాం. బయటికి అచ్చం వీడియోలో లాగే ఉంది. సున్నం పూత లేని ఎర్ర ఇటుక గోడలు, గుమ్మం ముందు కానుగ చెట్టు. బ్యాంకులో రిటైరైన ఆయన తలుపు తీశారు. లోపల అడుగు పెట్టగానే మోకాళ్ళకి చల్లగా తగిలింది. ఎంత సంతోషం వేసిందో! తలెత్తి చూద్దును కదా, గోడ మీద ఏసీ. పక్క గదిలో ఇంకోటి.

ఆయన నా మొహం చూసి తల వంచుకున్నారు. "వీడియో తీసినప్పుడు లేవమ్మా. నిజంగానే లేవు."

"మరి ఎందుకు పెట్టించారు?"

"పైన గాలి పోవడానికి కన్నాలుండేవి. దుమ్ము పడుతోందని మా ఆవిడ అద్దాలు బిగించమంది. బిగించాం. ఆ ఏడే ఉక్క మొదలైంది. ఏసీ తెచ్చాం."

గేటు బయటికొచ్చి చెట్టు కింద నిలబడిపోయాను. నాలుగువందల కిలోమీటర్లు వచ్చింది దీన్ని చూడ్డానికా? అప్పటికప్పుడే తిరుగు బస్సుకి వెళ్ళిపోదామనిపించింది. కానీ వెళ్ళి సూర్యకాంతానికి ఏం చెప్పాలి? వెనక్కి వెళ్ళి మళ్ళీ గేటు కొట్టాను.

"ఇది కట్టిన మేస్త్రీ ఎక్కడుంటాడండీ?"

"ఉంటాడు కాదు, ఉంటుంది" అన్నారాయన. "యాదమ్మ. మీర్‌పేట్‌లో. మా పేరు మాత్రం చెప్పకండి. అద్దాలు బిగించామని మా మీద కోపంగా ఉంది."

మీర్‌పేట్: యాదమ్మ

యాదమ్మది నల్గొండ పక్క పల్లె. నలభై అయిదేళ్ళుంటాయి. చీర మీద మగవాళ్ళ చొక్కా, చేతిలో తాపీ. నేనెళ్ళేసరికి పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నేను "మీరేనా యాదమ్మ గారు?" అంటే పకపకా నవ్వింది.

"మీరు గీరు ఏంది అక్క! నువ్వు అను. లోపటికి రా, ఎండల ఎందుకు నిలబడ్డవ్?"

రెండు గదుల ఇల్లు. తనే కట్టుకుంది. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది, అంతే. గోడ తట్టి చూడమంది. డొల్లగా మోగింది. ఇటుకలని పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కట్టిందట. ఆ ఖాళీలోని గాలి ఎండని లోపలికి రానివ్వదు. పైగా ఇటుకలు కూడా తక్కువ పడతాయి. కింద చిన్న కిటికీలు, పైన కప్పుకి ఆనుకుని కన్నాలు.

"సల్లగాలి కింద ఒస్తది, ఏడిగాలి మీదికెళ్ళి పోతది. పొయ్యి మీద పొగ ఎటు పోతదో సూడలేదా? గంతే. గా బ్యాంకు సారు అద్దాలు పెట్టి పొగగొట్టం మూసిండు. ఇగ ఇల్లు దమ్ము పట్టింది. నన్ను బద్నాం చేసిండు."

ఆయన పేరు చెప్పొద్దన్నారని నేను ఎత్తనే లేదు. కానీ నేను ఎవరింటి నుంచి వచ్చానో ఆమెకి తెలిసిపోయింది.

మేస్త్రీ పని ఎలా వచ్చిందని అడిగాను. భర్త మేస్త్రీ, ఆమె అతనికి కూలీ. ఒకరోజు మూడో అంతస్తు పరంజా మీదనుంచి అతను పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము పోయింది. "దవాఖానకెళ్ళి ఇంటికి తెచ్చిన తెల్లారి ఆయన తాపీ నేను పట్టుకున్న. ఆడిదానికి గోడ ఒంకర పోతదన్నరు. తాడుకు తూకం గుండు కట్టి సూపిచ్చిన. ఆడిదా, మొగోడా గా గుండుకేం ఎర్క?" పక్క గదిలో మంచం మీంచి ఆ భర్త, "ఇప్పటికీ నాకంటే గోడ సీదా పెడతది" అని కేకేశాడు.

నా షెడ్డు సంగతి చెప్పాను. బొగ్గుముక్క ఇచ్చి నేల మీద గియ్యమంది. తూర్పెటు, పడమరెటు, గాలి ఏ మూల నుంచి, ఏ గంటకి ఏ గోడ మీద ఎండ పడుతుంది, ఒక్కోటి అడిగింది. సగం ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు. పదిహేనేళ్ళు కూర్చున్న షెడ్డు! సిగ్గేసింది. రేకుల మీద తాటాకు పరిస్తే సరిపోతుంది కదా అంది. గుడ్డల షెడ్డు, నిప్పు భయం, ఒప్పుకోనన్నాను. పెంకులు పరిస్తే ఆ బరువుకి రేకులు ఆగవని తనే అంది. నా చేతిలో బొగ్గు తీసుకుని మూడు గీతలు గీసింది.

"కప్పు నడుమ పొడుగూత రెండడుగులు తెరువు. దాని మీద చిన్న టోపీ పెట్టు, వాన రాకుంట. రేకుల మీద తెల్లగ సున్నం కొట్టు. పడమటి గోడకు అడుగు ఎడంగ జాలీ గోడ, కన్నాలు కన్నాలుగ ఇటుక గోడ కట్టు. ఎండ జాలీకి తగులుతది, నీ గోడకు తగలది."

"జాలీ గోడ మా ఊళ్ళో ఎవరికీ రాదే?"

"నీకు ఒస్తే సాలు. రేపు కర్మన్‌ఘాట్‌ల పని ఉంది. ఒస్తవా? సూస్తే రాదక్కా, చెయ్యాలె."

ఆ పూట జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మేము చింతపండు పులుసంటే మరిగించాల్సిందే. వీళ్ళు మరిగించరు. చల్లటి పులుసులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వేయించిన నువ్వుల పొడి. మూడు రొట్టెలు తిన్నాను.

కర్మన్‌ఘాట్: ఇటుకకీ ఇటుకకీ మధ్య

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి గోడకి తగిలించే ఉష్ణమాపకం కొన్నాను. మూడువందలు చెప్పాడు, రెండొందల ఇరవైకి ఇచ్చాడు. తెల్లవారి ఏడింటికి హనుమంతుడి గుడి దాటి సందుల్లోపలికి వెళ్ళి పనిలో దిగాను.

ఇటుక తడపడంతో మొదలు. ఇటుకకీ ఇటుకకీ మధ్య నాలుగు వేళ్ళు వదలాలి, పై వరసలో ఆ ఖాళీ మీదికి ఇటుక రావాలి. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంది. నేను పెట్టిన మొదటి వరస యాదమ్మ కాలితో తోసేసింది. రెండోది కూడా. మూడోదానికి తూకం గుండు పట్టి, "ఇప్పుడు గోడ లెక్క ఉంది" అంది. పదకొండింటికి సున్నం తడుపుతుంటే ఉత్సాహం ఎక్కువై డ్రమ్ములోకి ఒక్కసారే నీళ్ళు పోశాను. సున్నం కుతకుత ఉడికి చేతి మీద చిమ్మింది. యాదమ్మ నా చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టి, ఎంతసేపటికీ వదల్లేదు. తిట్లు మాత్రం ధారగా పోసింది. చీరకి పడ్డ చిల్లులు ఇప్పటికీ ఉన్నాయి, మచ్చ కూడా.

పన్నెండు దాటాక ఇంటి యజమాని వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, కోచింగు సెంటర్లో ఫిజిక్సు చెబుతాడు. జాలీ గోడ చూసి ఆగిపోయాడు.

"ఆపండి. ఇక కట్టొద్దు. ఇప్పటిదాకా కట్టింది పీకేయండి."

యాదమ్మ తాపీ దించలేదు. "ఎందుకు సారూ?"

"నిన్న మా బావమరిది వచ్చి చూశాడు. గోడకి కన్నాలేంటి, కోళ్ళగూడా అన్నాడు. పైగా అడుగు స్థలం పోతోంది. ఇక్కడ గజం ఎంతో తెలుసా నీకు? మామూలు గోడకి పుట్టీ పెట్టి ఏసీ పెట్టుకుంటా. అయిపోతుంది."

కూలీలు చేతులాపేశారు. యాదమ్మ మొహం ఎర్రబడింది. బ్యాంకాయన సంగతి ఆమె కళ్ళలో కదిలినట్టు నాకనిపించింది. కానీ గొంతు పెంచలేదు.

"పీకుత సారూ. నీ ఇల్లు, నీ ఇష్టం. కాని రెండు గంటలకు ఒక్క పని చెయ్యి. ఎనక రెండు గదులున్నయి. రెండూ పడమరే. ఒకదానికి జాలీ అయింది, ఒకదానికి కాలే. రెండిట్ల జరసేపు కూసో. కూసున్నంక పీకుమంటే నేనే గునపం తెస్త."

"నాకు క్లాసుంది."

నేను అప్పటిదాకా పక్కనే ఉన్నాను. నాకు సంబంధం లేని వ్యవహారం. అయినా ఊరుకోలేకపోయాను. "మీరు పిల్లలకి ఉష్ణం గురించి చెబుతారు కదండీ. ఇది ప్రయోగం అనుకోండి. కొలిచేది నా దగ్గరుంది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఒంటినిండా సున్నం, చేతికి కట్టు. "మీరెవరండీ?"

"పాలకొల్లు నుంచి ఈ గోడ నేర్చుకుందామని వచ్చానండి."

ఆయన ఒకసారి గడియారం చూసుకున్నాడు. ఫోను చేసి క్లాసు వెనక్కి జరిపించాడు.

రెండింటికి బోర్లించిన సిమెంటు తట్ట మీద కూర్చున్నాడు, ముందు జాలీ లేని గదిలో. పావుగంటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. గోడ మీద అరచెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. తరవాత రెండో గది. అక్కడా గోడ తాకాడు. ఈసారి చెయ్యి తియ్యలేదు. నేల మీద చిన్న చిన్న వెలుగు చతురస్రాలు పడుతున్నాయి. ఉష్ణమాపకం చూసి, ఒకసారి విదిలించి, మళ్ళీ చూశాడు. నాలుగు డిగ్రీలు తేడా.

కన్నాల కేసి చూస్తూ అడిగాడు: "దోమలు రావా?"

"లోపట కిటికీకి దోమల జాలి కొడత సారూ" అంది యాదమ్మ.

"దుమ్మో?"

"ఒస్తది. నెలకోసారి నీళ్ళు కొట్టాలె. అబద్ధం ఎందుకు చెప్త?"

ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "రెండో గదిక్కూడా కట్టు. వంటింటి సంగతి తరవాత చూద్దాం" అనేసి వెళ్ళిపోయాడు. మెచ్చుకోలు లేదు, క్షమాపణ లేదు. యాదమ్మ అటు చూడను కూడా చూడలేదు. "ఇటుకలందియ్యక్క, పొద్దు పోతుంది" అంది. సాయంత్రానికి నా చేత్తో తొమ్మిది వరసలు లేచాయి. ఒక్కదాన్నీ యాదమ్మ తన్నలేదు.

మళ్ళీ పాలకొల్లు

వచ్చేటప్పుడు నేర్పినందుకు యాదమ్మకి డబ్బు ఇవ్వబోతే, "పని చేసింది నువ్వు, పైసలిచ్చేది నువ్వా?" అని నాకే ఒకరోజు కూలి ఇచ్చింది. మేస్త్రీ దగ్గర కూలి తీసుకున్న యజమానురాలిని మా వీధిలో నేనొక్కదాన్నే అనుకుంటాను.

మా కాంట్రాక్టరు కప్పు మధ్యలో తెరవనన్నాడు. వాన కురిస్తే తనకి సంబంధం లేదన్నాడు. గేట్లు చేసే వెల్డింగు అతన్ని పట్టుకుని చేయించాను. రేకులకి సున్నం మా ఆడవాళ్ళమే కొట్టాం. రేకు పగలకుండా పలకలు పరిచి, ఒక్కొక్కళ్ళం ఎక్కి, పొడుగాటి చీపుర్లతో. జాలీ గోడకి తోడు రమ్మని ఎండలు మొదలవగానే పని మానుకున్న సూర్యకాంతానికి కబురు పెడితే, చూసిపోదామని వచ్చి, కొంగు దోపి దిగింది. మా మొదటి గోడ నడుం ఎత్తుకి వచ్చేసరికి ఒరిగింది. ఫోనులో యాదమ్మకి చూపిస్తే, "మూడు వరుసలు తీసెయ్యి, ఏడ్వకు, మల్ల పెట్టు" అంది. తీసేశాం. మళ్ళీ పెట్టాం. సూర్యకాంతం చెయ్యి నాకంటే నిలకడ. కుట్టు సూటిగా వేసే మనిషి, గోడ కూడా సూటిగానే పెట్టింది.

మే వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను: షెడ్డు ఊటీ ఏం కాలేదు. మిట్టమధ్యాహ్నం చెమటలు పట్టాయి. కానీ ఫ్యాను గాలి నిప్పులు కక్కడం మానేసింది. పన్నెండు నుంచి మూడు దాకా మిషన్లు ఆపేసి, పొద్దున్న ఏడింటికే మొదలుపెట్టాం. మొదటి పెద్ద వానకి సున్నం సగం కొట్టుకుపోయింది, ఏటా వెయ్యాలి. ఈదురుగాలికి టోపీ కింద నుంచి జల్లు కొట్టి ఇరవై చొక్కాలు తడిశాయి. అయినా ఎవరూ పడిపోలేదు. యూనిఫారాలు బళ్ళు తెరిచే ముందే అందాయి. సూర్యకాంతం ఏప్రిల్ మొదటి వారంలో వచ్చి, పడమటి గోడ పక్క అదే మిషను మీద కూర్చుంది. నేను వేరే చోట కూర్చోమన్నా వినలేదు.

జూన్‌లో పక్క వీధి కొబ్బరిపీచు గోడౌను ఆయన మా గోడ చుట్టూ రెండుసార్లు తిరిగి లోపలికొచ్చాడు.

"బాగుందండీ. మా షెడ్డుకి కూడా కట్టించుకుందామని. మేస్త్రీ ఎవరు?"

నేను నోరు తెరిచేలోగా సూర్యకాంతం దారం తెంపి, మిషను మీంచి లేచింది.

"నేనేనండి. కాకపోతే ఆదివారాలే వస్తాను. మిగతా రోజులు నాకిక్కడ పనుంది."